హై మ్యాజిక్ క్యాంపెయిన్ నడిపే గేమ్ మాస్టర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరుల్లో కొత్తగా గేమ్ మాస్టర్ (కథ చెప్పి ఆట నడిపే మనిషి) కుర్చీ ఎక్కినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడుగుతున్న సందేహాలివి. ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్: టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కో ప్లేయర్ ఒక్కో పాత్రగా, పాచికలేసి కథ నడిపే ఆట. అంకెలన్నీ దాని 5వ ఎడిషన్, 2014 రూల్స్ ప్రకారం. 2024 పుస్తకాలతో ఆడేవాళ్ళు అంకెలు ఒకసారి సరిచూసుకోవాలి. మొదట్నుంచీ చదవక్కర్లేదు, మీ తలనొప్పి ఏ దశలో ఉంటే అక్కడికి వెళ్ళిపోండి.

## మొదలుపెట్టే ముందు

హై మ్యాజిక్ అంటే అందరికీ మాయలు వచ్చేయడమేనా?

కాదు. మాయ మామూలు వస్తువైపోయిన ప్రపంచం అని. మన ఊళ్ళో కరెంటు ఎలాగో అక్కడ మాయ అలాగ. అదెలా పనిచేస్తుందో కొద్దిమందికే తెలుసు, పోతే మాత్రం అందరికీ తెలుస్తుంది. వీధి దీపాలు మంత్రంతో వెలుగుతాయి, ఆ మంత్రం వేసే గుమాస్తాకి జీతం ఆగితే వీధి చీకటవుతుంది.

క్యాంపెయిన్‌కి (చాలా సెషన్లు సాగే ఒకే కథకి) ముందు మూడు సంగతులు కాగితం మీద పెట్టండి. ఇక్కడ మాయని ఎవరు తయారుచేస్తున్నారు, ఎవరు కొనుక్కుంటున్నారు, దానివల్ల ఎవరి పొట్ట కొట్టినట్టయింది. చాలామంది మొదటి రెండూ రాసి మూడోది వదిలేస్తారు. కథంతా ఆ మూడోదాంట్లోనే ఉంది. ఊరి నడిబొడ్డున టెలిపోర్టేషన్ వలయం గీశారు సరే, రేవులో పడవలు నడుపుకునేవాళ్ళు ఇప్పుడేం తింటున్నారు? వాళ్ళ సంఘం పెద్ద మీ మొదటి విలనైనా కావచ్చు, పార్టీకి (ప్లేయర్ల పాత్రల గుంపుకి) మొదటి పని చెప్పేవాడైనా కావచ్చు.

ప్రపంచం మొత్తం మ్యాప్ గియ్యాలా?

ఒక ఊరు, ఒక ఏరు, ఒక కొండ చాలు. మిగతాది ప్లేయర్లు ఎటు నడిస్తే అటు పుడుతుంది.

కొత్తగా ఊహించే బదులు కళ్ళముందున్నదాన్ని వంచండి. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నాయి. ఒక్కో గేటు వెనక ఒక్కో జలభూతం బందీగా ఉందనుకోండి. ఒకరోజు పొద్దున్నే ఒక గేటు వెనక చప్పుడు ఆగిపోయింది. మొదటి సెషన్‌కి ఇంతకంటే ఏం కావాలి? గుంటూరు మిర్చి యార్డుని మంత్రద్రవ్యాల మార్కెట్ చేస్తే తూకంలో మోసం, కమిషన్ ఏజెంట్ల బేరం, కళ్ళు మండించే ఘాటు అన్నీ రెడీగా ఉన్నాయి. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్రతో గోలెంని (మంత్రంతో కదిలే బొమ్మని) చెక్కించండి. తేలిగ్గా ఉంటుంది, నీళ్ళలో మునగదు, నిప్పంటే మాత్రం చచ్చేంత భయం.

పేర్లు మాత్రం మార్చేయండి. అసలు పేర్లు పెడితే "బెంజి సర్కిల్ నుంచి అటు దారి లేదు కదా" అని ఎవరో ఒకరు ఆట ఆపి మరీ సరిదిద్దుతారు.

పుస్తకాలు, డైస్, మినియేచర్లు అన్నీ కొనాలా?

అక్కర్లేదు. 5వ ఎడిషన్ మూల నియమాల పత్రం, ఎస్‌ఆర్‌డీ 5.1, 2023 నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితం. టేబుల్‌కి ఏడు డైస్ ఉన్న సెట్ ఒకటి, లూడో డబ్బాల్లోంచి ఏరిన ఆరు ముఖాల పాచికలు ఎనిమిది ఉంటే ఆట నడుస్తుంది.

గళ్ళ చార్టులో 1 అంగుళం గడి అంటే 5 అడుగులు. ఫైర్‌బాల్ మంత్రం 20 అడుగుల వ్యాసార్ధం, అంటే 8 అంగుళాల వెడల్పు గుండ్రం. ఆ కొలత టిఫిన్ ప్లేటు బోర్లిస్తే దాని కింద పడినవాళ్ళందరూ కాలినట్టే, వాదన ఉండదు. లైట్నింగ్ బోల్ట్ 100 అడుగులు, అంటే 20 అంగుళాలు. పన్నెండు అంగుళాల స్కేలు చాలదు, టైలర్ టేపు పరవండి. స్పెల్ స్లాట్లకి (రోజుకి ఎన్ని మంత్రాలు వెయ్యొచ్చో ఆ లెక్కకి) చింతగింజలు పంచండి, మంత్రం వేసినప్పుడల్లా ఒక గింజ గిన్నెలో పడాలి. ప్లేయర్ పెన్సిల్‌తో కొట్టేసుకునే లెక్క ఎప్పుడూ ఒకటి తక్కువే ఉంటుంది, గింజలు అబద్ధం చెప్పవు. కొండపల్లి బొమ్మలు అంగుళం గడిలో పట్టవు, రాక్షసులకి మాత్రం బాగా కుదురుతాయి.

తెలుగులో నడపాలా, ఇంగ్లీషులోనా?

రూల్స్ మాటలు ఉన్నవి ఉన్నట్టు వాడండి: సేవ్ (ముప్పు తప్పించుకోడానికి వేసే డైస్), స్లాట్, కాన్సంట్రేషన్ (మంత్రాన్ని నిలబెట్టే ధ్యాస), ఇనిషియేటివ్ (పోరాటంలో వంతుల వరుస). వీటిని అనువదిస్తే పుస్తకంలో వెతుక్కోలేరు. కథ, వర్ణన, పాత్రల మాటలు మాత్రం తెలుగులో ఉంటేనే రక్తి కడుతుంది.

దానికి పెద్ద కారణం నువ్వు, మీరు. ఇంగ్లీషులో దొరకని ఆయుధం ఇది. వందల ఏళ్ళ డ్రాగన్ పార్టీని "ఏరా, ఎందుకొచ్చార్రా" అని పలకరిస్తుంది. విజర్డ్ (మంత్రగాడి పాత్ర) దాని అసలు పేరు పలికాడు. ఒక్క క్షణం ఆగి "తమరెవరు?" అంటుంది. డైస్ వెయ్యలేదు, మీరు వివరించలేదు, అయినా బలం చేతులు మారిందని టేబుల్ మొత్తానికి తెలిసిపోయింది. అలాగే రాజుగారి మంత్రి ఉన్నట్టుండి "అండీ" మానేశాడంటే ఏదో తేడా జరిగిందని ప్లేయర్లు తమంతట తామే అనుమానిస్తారు.

గ్రాంథికం జోలికి మాత్రం పోకండి. పది నిమిషాలు "ఓయీ బాలకా" అనగానే అందరూ నవ్వులాటలో పడతారు, భయపెట్టాల్సిన సీను కాస్తా ఏకపాత్రాభినయం అయిపోతుంది.

## మొదటి సెషన్లు: 1 నుంచి 4 లెవెల్

హై మ్యాజిక్ కదా, మొదటి రోజే మ్యాజిక్ ఐటమ్స్ పంచెయ్యొచ్చా?

పంచండి, అంకెలు పెంచేవి తప్ప. 5వ ఎడిషన్‌లో ప్లస్ 1 అంటే చిన్నది కాదు. ప్లేట్ కవచం 18, డాలు 2, రెండింటికీ చెరో ప్లస్ 1 కలిపితే ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే దాడి డైస్ చేరాల్సిన అంకె) 22. గాబ్లిన్ (చిన్న రాక్షసుడు) దాడికి ప్లస్ 4, అంటే 20 ముఖాల డైస్ మీద 18 పడితేగానీ తగలదు, నూటికి 15 సార్లు. ఆ కవచం వేసుకున్న ఫైటర్‌ని భయపెట్టాలని మీరు పెద్ద శత్రువుని తెస్తే వాడి ఒక్క దెబ్బకి పక్కనున్న విజర్డ్ పోతాడు.

కొత్త దారులు తెరిచే వస్తువులివ్వండి. ఎప్పుడూ తడవని పుస్తకం, నాలుగు మాటలు మోసుకెళ్ళే పావురం బొమ్మ, ఒక్కసారి మాత్రమే ఏ తాళాన్నైనా తీసే తాళంచెవి. వాడితే అయిపోయేవైతే ఇంకా మంచిది. ఒకరికి ఒకేసారి మూడు వస్తువులకి మించి అట్యూన్ అవకూడదన్న (వాటి శక్తితో ముడిపడకూడదన్న) రూల్‌ని మాత్రం హై మ్యాజిక్ పేరుతో సడలించకండి, ఆ కంచె తీసేస్తే మళ్ళీ కట్టలేరు.

స్పెల్ వర్ణన చదివేసరికే ఐదు నిమిషాలు పోతోంది. ఎలా?

ప్రతి మంత్రానికీ ఒక అట్ట ముక్క. దాని మీద ఆరే సంగతులు: యాక్షనా బోనస్ యాక్షనా రియాక్షనా, ఎంత దూరం, ఎంత వైశాల్యం, ఏ సేవ్, ఎంతసేపు, ఎన్ని డైస్. అట్ట రాసుకోని మంత్రం ఆ రోజు సిద్ధంగా లేనట్టే. ఈ ఒక్క నియమంతో సగం ఆలస్యం పోతుంది, ఎందుకంటే రాసేటప్పుడే ప్లేయర్ మంత్రం చదువుతాడు.

మిగతా సగానికి, ఒకరి వంతు నడుస్తుండగానే "తర్వాత నువ్వు" అని పక్కవాళ్ళకి చెప్పండి. దాడి డైస్, నష్టం డైస్ కలిపి వేయించండి.

కాన్సంట్రేషన్ పెట్టిన సంగతి అందరం మర్చిపోతున్నాం.

కాన్సంట్రేషన్ మొదలవగానే ఆ బొమ్మ చుట్టూ ఒక ప్లాస్టిక్ గాజు వెయ్యండి. దెబ్బ తగిలితే గాజు కనిపిస్తుంది, మంత్రం నిలుస్తుందో లేదో తేల్చే కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం) సేవ్ గుర్తొస్తుంది. డీసీ (సేవ్ చేరాల్సిన అంకె) 10, లేదా తగిలిన నష్టంలో సగం, ఏది ఎక్కువైతే అది. 22 తగిలితే డీసీ 11. ఒకే రౌండ్‌లో మూడు బాణాలు తగిలితే మూడు విడి సేవ్‌లు, కలిపి ఒకటి కాదు. ఇంకో కాన్సంట్రేషన్ మంత్రం వేసిన క్షణమే పాతది పోతుంది. హై మ్యాజిక్ ఆటని అదుపులో ఉంచే అసలు బ్రేకు ఈ రూలే, దీన్ని మర్చిపోయి ఆడినవాళ్ళే మంత్రగాళ్ళు మరీ ఎక్కువైపోయారని గోల పెడతారు.

## మధ్య దశ: 5 నుంచి 10 లెవెల్

5వ లెవెల్ రాగానే ఫైర్‌బాల్‌తో నా శత్రువులంతా ఒక్క దెబ్బకి పోతున్నారు.

పోనివ్వండి. ఆ మంత్రం ఉన్నదే అందుకు. 8డి6 (ఆరు ముఖాల పాచికలు ఎనిమిది) సగటు 28, సేవ్ అయినా 14. గాబ్లిన్‌కి ఉన్నది 7 హిట్ పాయింట్లు (ప్రాణబలం). గాబ్లిన్లని గుంపుగా నిలబెట్టి అవి చచ్చాయని బాధపడటంలో అర్థం లేదు. 59 హిట్ పాయింట్లున్న ఆగర్ రాక్షసుణ్ణి గుంపులో కలపండి, మిగతావాళ్ళని రెండు మూడు దిక్కుల్లో విడగొట్టి రెండో రౌండ్‌లో దించండి. ఒకసారి మాడిన శత్రువులు రెండోసారి గుంపుగా రారు.

ఇంకో సంగతి పుస్తకంలోనే ఉంది: ఎవరి ఒంటి మీదా చేతిలోనూ లేని, మండే స్వభావమున్న వస్తువులన్నీ అంటుకుంటాయి. పోరాటాన్ని మిర్చి గోడౌన్‌లోకి మార్చండి. అక్కడ ఫైర్‌బాల్ వేస్తే శత్రువులు పోతారు, తర్వాత వచ్చే పొగలో పార్టీ కూడా ఉంటుంది. ప్రతి వంతుకీ డీసీ 12 కాన్‌స్టిట్యూషన్ సేవ్, తప్పితే ఆ వంతు దగ్గుతో సరి (ఇది పుస్తకంలోది కాదు, ఇంటి రూల్). పైగా ఆ సరుకు ఎవరిదో, వాడు పొద్దున్నే ఎవరింటి ముందు నిలబడతాడో ఆలోచించి పెట్టుకోండి.

ఒక్క ఫైట్ చేసి పడుకుంటున్నారు. స్లాట్లన్నీ మళ్ళీ నిండుతున్నాయి.

5వ లెవెల్ విజర్డ్‌కి మొదటి, రెండో, మూడో లెవెల్ మంత్రాలకి వరసగా 4, 3, 2 స్లాట్లు, మొత్తం తొమ్మిది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు వస్తాయన్న లెక్కతో అవి ఇచ్చారు. మీరు ఒక్కటే పెడితే తొమ్మిదీ అక్కడే కురుస్తాయి. అయితే ఆదివారం మధ్యాహ్నం నాలుగు గంటల ఆటలో ఎనిమిది పోరాటాలు పట్టవు, ఆ సంగతి అందరికీ తెలుసు. పోరాటాలు పెంచకండి, రోజుని సాగదీయండి. ఆటలో ఒక్క రోజు మీ రెండు మూడు సెషన్లకి వ్యాపించవచ్చు, చింతగింజలు డబ్బాలో వేసి పేరు రాసి పక్కన పెట్టండి.

దూర ప్రయాణాలున్న కథైతే ఐచ్ఛిక రూల్ ఒకటుంది: చిన్న విశ్రాంతి 8 గంటలు, పెద్ద విశ్రాంతి 7 రోజులు. మొదట్లో గొణుగుతారు. టైనీ హట్ మంత్రంతో గుడారం వేసుకుని లోపల కూర్చుంటే గుడారాన్ని పగలగొట్టే దారి వెతక్కండి, అది 8 గంటలు నిలబడుతుంది. ఆ 8 గంటల్లో బయట ఉన్నవాళ్ళు తలుపు ముందు గొయ్యి తవ్వి, బందీని వేరే చోటికి తరలించి, మీద అధికారికి కబురు పంపేసి ఉంటారు.

హత్య కేసు పెడితే ఐదు నిమిషాల్లో మంత్రంతో హంతకుణ్ణి పట్టేశారు.

మంత్రాలు చదివిన ఊళ్ళో హంతకుడు కూడా మంత్రాలు చదివే ఉంటాడు. స్పీక్ విత్ డెడ్ మంత్రానికి శవం ఐదు ప్రశ్నలకే జవాబిస్తుంది, బతికుండగా తెలిసినవే చెప్తుంది, అదీ ముక్తసరిగా. నోరు లేని శవం పలకదు. అన్నిటికంటే పెద్ద మెలిక, గత పది రోజుల్లో ఆ శవం మీద అదే మంత్రం పడి ఉంటే మళ్ళీ పనిచెయ్యదు. కాబట్టి హంతకుడు చంపి, అదే రాత్రి ఆ మంత్రం తనే వేసి, ఐదు పనికిమాలిన ప్రశ్నలడిగి పోయాడు. పార్టీ వచ్చి మంత్రం వేస్తే శవం నోరు మెదపదు. అప్పుడు వాళ్ళ దగ్గర సాక్ష్యం లేకపోయినా ఒక గట్టి ఆధారం దొరికింది: ఇది మూడో లెవెల్ మంత్రాలు వేయగలిగిన క్లెరిక్ (పూజారి) లేదా బార్డ్ (గాయకుడు) పని, లేదా వేయించుకునే స్తోమత ఉన్నవాడి పని. ఊళ్ళో అలాంటివాళ్ళు ఎందరు?

జోన్ ఆఫ్ ట్రూత్ మంత్రం లోపల సేవ్ తప్పినవాళ్ళు అబద్ధం ఆడలేరు గానీ మాట దాటెయ్యొచ్చు. మన దగ్గర ఏ పంచాయితీలో చూసినా ఆ విద్య వచ్చినవాళ్ళే. "డబ్బు తీసుకున్నావా?" "ఆయన డబ్బు నాకెందుకండీ?" ఇందులో అబద్ధం లేదు. డిటెక్ట్ మ్యాజిక్‌కి పలచని సీసం రేకు చాలు అడ్డం, దొంగసొత్తు సీసం పెట్టెలో పెట్టండి. అయితే ప్రతిసారీ అడ్డు పెడితే ఆ మంత్రం నేర్చుకున్న ప్లేయర్ మోసపోయినట్టు ఫీలవుతాడు. మూడింట రెండుసార్లు నిజం దొరకనివ్వండి, చిక్కు తర్వాత పెట్టండి. హంతకుడు రాజుగారి తమ్ముడని తెలిసింది. ఇప్పుడేం చేస్తారు?

ఎగురుతున్నారు, టెలిపోర్ట్ అవుతున్నారు. దారిలో పెట్టినవన్నీ వృథా.

మన ప్రవరుడి కథ గుర్తు తెచ్చుకోండి. పాదలేపనంతో హిమాలయాలకి చిటికెలో చేరాడు, మంచుకి లేపనం కరిగిపోయింది, తిరిగి రావడానికి దారి లేదు. కథంతా అక్కడ మొదలైంది. వెళ్ళడం తేలిక చెయ్యండి, రావడం కష్టం చెయ్యండి.

ఫ్లై మంత్రం కాన్సంట్రేషన్ మీద పది నిమిషాలు. 60 అడుగుల ఎత్తులో ఉండగా బాణం తగిలి సేవ్ తప్పితే కిందపడి 6డి6 నష్టం. టెలిపోర్టేషన్ సర్కిల్‌కి అవతలి వలయం సంకేత వరుస తెలిసి ఉండాలి, గీయడానికి ఒక నిమిషం, 50 బంగారు నాణేల విలువైన రత్నాలు కలిపిన సుద్దా సిరాలూ ఖర్చు. ఆ సంకేతం సంపాదించడమే ఒక సాహసం. పైగా ప్రతి ఊరి వలయం దగ్గరా కాపలా, పన్ను, పేరు రాసే రిజిస్టరు ఉంటాయి. బస్టాండ్‌లో దిగినంత తేలిగ్గా శత్రువు కోటలో దిగలేరు.

కౌంటర్‌స్పెల్ వల్ల ప్రతి పోరాటమూ "నీది రద్దు, నీ రద్దుకి రద్దు" అవుతోంది.

మంత్రం పేరు ముందే చెప్పకండి. "అతను ఏదో మంత్రం మొదలెట్టాడు" అని మూడు లెక్కపెట్టండి. ఎవరూ ఆపకపోతే అప్పుడు పేరు. ప్లేయర్లకీ ఇదే పద్ధతి. ఇక దూరం: కౌంటర్‌స్పెల్ 60 అడుగులే, మంత్రం వేసేవాణ్ణి చూడగలగాలి. విలన్‌ని 65 అడుగుల్లో, సగం గోడ చాటున ఉంచండి. 2024 రూల్స్‌లో మంత్రం వేసేవాడికి కాన్‌స్టిట్యూషన్ సేవ్ వచ్చింది, ఆగిపోయినా స్లాట్ మిగులుతుంది. 2014 టేబుళ్ళు కూడా దీన్ని అరువు తెచ్చుకుంటే గొడవ బాగా తగ్గుతుంది.

## పై దశ: 11వ లెవెల్ దాటాక

విలన్‌ని మొదటి రౌండ్‌లోనే కట్టిపడేశారు. ఇప్పుడేం చెయ్యాలి?

ఆ రోజుకి ఒప్పుకోండి. చాటుగా హిట్ పాయింట్లు పెంచితే పట్టుబడతారు, తర్వాత మీ డైస్‌ని ఎవరూ నమ్మరు.

వచ్చే విలన్‌కి మూడు లెజెండరీ రెసిస్టెన్స్‌లు (తప్పిన సేవ్‌ని గెలిచినట్టు మార్చుకునే అవకాశాలు) ఇవ్వండి. అవి వాడినప్పుడు ఒంటి మీద కనిపించేలా చూపించండి: మెళ్ళో మూడు తాయెత్తులు, ఒక్కోటీ పగిలి పడుతుంది. అలా చేస్తే మంత్రం వృథా అయిందని ప్లేయర్ ఏడవడు, ఇంకా రెండున్నాయని లెక్కేస్తాడు. ఒంటరి విలన్ మాత్రం ఎంత బలవంతుడైనా ఐదుగురి ముందు నిలవడు, రౌండ్‌కి వాళ్ళకి ఐదు వంతులు, వీడికి ఒకటి. లెజెండరీ యాక్షన్లు (ఇతరుల వంతుల చివర చేసే అదనపు పనులు) లేదా అనుచరులు తప్పనిసరి.

జానపద కథల మాంత్రికుడు తన ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల చిలకలో దాచుకుంటాడు. లిచ్ (చావుని దాటిన మాంత్రికుడు) ప్రాణం దాచుకునే ఫైలాక్టరీ అచ్చంగా అదే. దాన్ని ధ్వంసం చెయ్యకుండా లిచ్‌ని చంపితే 1డి10 రోజుల్లో కొత్త ఒంటితో వస్తాడు. మీ ప్లేయర్లకి చిలక సంగతి చిన్నప్పట్నుంచీ తెలుసు, కాబట్టి చిలకని చిలకలా పెట్టకండి. ఊరందరూ రోజూ వాడుకునే వస్తువులో పెట్టండి. ఊరికి నీళ్ళిచ్చే బావి గిలకలో ప్రాణముంటే దాన్ని పగలగొట్టడానికి చెయ్యి రాదు.

చనిపోయినా బతికించేస్తున్నారు. చావంటే భయమే లేదు.

వజ్రాల మీద కన్నెయ్యండి. రివివిఫైకి 300 బంగారు నాణేల వజ్రం, చనిపోయిన నిమిషంలోపు. రెయిజ్ డెడ్‌కి 500, పది రోజుల్లోపు. రిజరెక్షన్‌కి 1,000. ట్రూ రిజరెక్షన్‌కి 25,000. అన్నీ వేసినప్పుడు మాయమైపోయేవే. కాబట్టి ఆ ప్రపంచంలో వజ్రం నగ కాదు, ప్రాణం. గనులు ఎవరి చేతిలో ఉంటే చావుబతుకులు వాళ్ళ చేతిలో.

ఈ కథకి మన జిల్లాల కంటే మంచి నేల దొరకదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు, ఇటు పరిటాల ఒకప్పుడు వజ్రాల గనులకి పేరుమోసిన ఊళ్ళు. గని తవ్వే కూలీ కొడుకు చచ్చిపోయాడు, తండ్రి చేతుల్లోంచి రోజుకి పది వజ్రాలు పోతాయి, ఒక్కటీ అతనిది కాదు. పార్టీ సంచిలో ఒకటే ఉంది. ఇక మీరు మాట్లాడకండి, టేబుల్ చూసుకుంటుంది.

చచ్చినవాడి ఆత్మ ఒప్పుకోకపోతే ఏ మంత్రమూ పనిచెయ్యదన్నది కూడా గుర్తుంచుకోండి. రెయిజ్ డెడ్‌తో లేచినవాడికి అన్ని దాడులకీ సేవ్‌లకీ మైనస్ 4 ఉంటుంది, ఒక్కో పెద్ద విశ్రాంతికి ఒకటి తగ్గుతుంది.

విష్ మంత్రంతో ఏదడిగినా ఇవ్వాలా?

8వ లెవెల్ లేదా అంతకు దిగువ మంత్రాన్ని అనుకరిస్తే యథాతథంగా ఇచ్చేయండి. అంతకు మించి అడిగితే ఆ ఒత్తిడికి వాడు ఇక జన్మలో విష్ వెయ్యలేకపోయే అవకాశం 33 శాతం ఉంది. ఈ సంగతి వేసేముందే చెప్పండి. మాటల్లో లొసుగు వెతికి ప్లేయర్ని ఇరికించడం తెలివి అనిపిస్తుంది గానీ, ఆ తర్వాత వాళ్ళు వకీలు భాషలో అరపేజీ రాసుకొస్తారు. సరదా చస్తుంది.

## టేబుల్ దగ్గర

మంత్రాలు, దెయ్యాలు అంటే ఇంట్లో చేతబడి అనుకుంటున్నారు.

తలుపేసుకుని ఆడకండి. హాల్లో ఆడండి, అమ్మగారిని ఒక్కసారి వ్యాపారి పాత్ర చెప్పమనండి, బేరంలో మీ పార్టీని మడతపెట్టేస్తారు. పుర్రెలు, కొవ్వొత్తులు, నిమ్మకాయలు టేబుల్ మీద వద్దు. పూజలందుకుంటున్న దేవుళ్ళకి హిట్ పాయింట్లు రాయొద్దు. చేతబడి చేసిందని ఊరు నింద వేసిన ముసలామెని నిజంగానే విలన్ చెయ్యడం కూడా వద్దు. ఆ నింద మీద మనుషుల్ని కొట్టిన, చంపిన సంగతులు మన పేపర్లలో చదువుతూనే ఉన్నాం.

సగం మంది గుంటూరు, సగం మంది విజయవాడ. కలవడం కుదరట్లేదు.

నెలకి ఒకసారి ఎదురెదురుగా, మధ్యలో రెండుసార్లు రాత్రి పూట రెండు గంటలు ఆన్‌లైన్‌లో. పెద్ద పోరాటాలు ఎదురెదురుగా ఆడేటప్పటికి దాచండి, మాటలూ బేరాలూ ఆన్‌లైన్‌లో పెట్టండి. ఐదుగురిలో ముగ్గురొస్తే ఆడేయండి, రానివాళ్ళ పాత్రలు వలయం దగ్గర రిజిస్టర్ సంతకం కోసం ఆగిపోయాయని చెప్పండి. హాస్టల్లో ఉండేవాళ్ళకి గేటు మూసే టైం ముందే కనుక్కోండి. దసరా పది రోజులూ విజయవాడలో కొండ కింద సెషన్ పెట్టకండి, వాహనాల దారి మళ్ళింపుల్లో సగం పార్టీ ఇరుక్కుంటుంది.

ఆన్‌లైన్ సెషన్ మధ్యలో కరెంటు పోతే?

క్యారెక్టర్ షీట్ కాగితం మీద కూడా ఉండాలి, హిట్ పాయింట్లు పెన్సిల్‌తో. గేమ్ మాస్టర్ ఇనిషియేటివ్ వరుసని ప్రతి రౌండ్ చివరా గ్రూప్‌లో ఒక మెసేజ్‌గా పెట్టాలి. కరెంటు పోయినవాడి వంతు వస్తే డాడ్జ్ యాక్షన్ (దెబ్బలు తప్పించుకోవడం) తీసుకున్నట్టు లెక్క. కాన్సంట్రేషన్ మాత్రం కొనసాగుతుంది, కరెంటు పోయింది ప్లేయర్‌కి, విజర్డ్‌కి కాదు.